రాబందుల గురించి నేను దిద్దిన వాక్యం

మా క్వారీ మేనేజరును అందరం అరబ్బీ మాటలో ముదీర్ అనేవాళ్లం. ఆయన సార్డిన్ చేపల డబ్బా తెరిచి, వేళ్లతోనే తీసుకుని తింటూ యుద్ధాలు చెప్పేవాడు. నూనె కారుతున్న ఆ వేళ్లతోనే నాకు కాగితాలు అందించేవాడు. డెబ్భైల చివర్లో, గల్ఫ్‌లోని ఫుజైరా కొండల్లో, నేను ఆయన దగ్గర టైపిస్టుని. పొద్దున కంకర లోడుల చలాన్లు, మధ్యాహ్నం ఆయన రాస్తున్న యుద్ధాల పుస్తకం.

ఆయన ఇంగ్లీషువాడు. యెమెన్‌లోని ఏడెన్ తెల్లవాళ్ల చేతిలో ఉన్న రోజుల్లో, అక్కడి జనం మా దేశం మాకు కావాలని తుపాకులు పట్టినప్పుడు, వాళ్లను అణచడానికి వెళ్లిన పటాలంలో పనిచేశాడు. ఒక్కో పోరుకు ఒక్కో అధ్యాయం. ఒకటి లోయ పట్టుకున్నది. తర్వాతది ఆ లోయ మీది కొండకొమ్ము కోసం జరిగినది. ఇంకోటి ఏడెన్ ఊళ్లోని పాతపేట చేజారి, రెండు వారాలకు మళ్లీ చేజిక్కినది. ఆఖరికి అంతా వదిలేసి వెళ్లిపోయిన సంగతికి మాత్రం అరపేజీ. స్టాప్లరు కొండ, సిగరెట్ పెట్టె లోయ. బల్ల మీద అవన్నీ పేర్చి, "వాళ్లవి తాతల నాటి తుపాకులు, మావి విమానాలు" అని పకపకా నవ్వేవాడు. ఇందులో నవ్వడానికి ఏముందో నాకు అర్థమయ్యేది కాదు. అయినా నేనూ పళ్లికిలించేవాణ్ని. నన్ను ఉంచాలా పంపాలా అన్నది ఆయన చేతిలో ఉండేది మరి.

నాకో పొగరు ఉండేది. నెల్లూరులో టైపు హయ్యర్ పాసైనవాణ్ని, వంకర ఇంగ్లీషు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఇంగ్లీషువాడి ఇంగ్లీషునే దిద్దుతున్నానని లోలోపల మహా సంబరం. కొండకొమ్ము అధ్యాయం చివర, చచ్చిపడిన అవతలివాళ్ల గురించి ఆయన ఏదో గిలికి ఇచ్చాడు. ఆ రాతినేలను ఎవడు తవ్వుతాడు, అట్లాగే వదిలేసి దిగి వచ్చాం, పక్షులు తిన్నాయి అని దాని సారం. నేను దాన్ని ‘ఆ వారం ఆ కొండ మీద రాబందులు పస్తులుండలేదు’ అని మార్చాను. ముదీర్ రెండుసార్లు పైకి చదువుకుని, తొడ చరిచి, "నువ్వు రచయితవోయ్" అన్నాడు. నేను ఉబ్బిపోయాను. శవాల మీద హాస్యమాడి మెప్పు సంపాదించాను. మా నాయన జనాజా పాడెకు భుజం పట్టినవాణ్ని, ఐదు పూటలా నమాజు చేసేవాణ్ని. ఛీ, ఆ క్షణాన ఒక్కటంటే ఒక్కటి గుర్తు రాలేదు.

మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ చాచా నన్ను ఆపాడు. యెమెన్ మనిషి. ఏడెన్ రేవులో మనవాళ్ల దుకాణాల్లో పనిచేసి హిందీ నేర్చుకున్నాడు. ముదీర్ కారు వస్తే లేచి సలాం కొట్టేవాడు. "చూశావా, వీళ్లు మనసులో ఏమీ పెట్టుకోరు" అని ముదీర్ నాతో అనేవాడు. ఆఫీసుకు రేకు గోడలు. ముదీర్‌ది పెద్ద గొంతు. ఆయన నోట ఆ కొండ పేరు చాచా చెవిన పడింది.

"మా తమ్ముడు పోయింది ఆ కొండ మీదే బాబూ" అన్నాడు చాచా. "అప్పుడు మమ్మల్ని ఊళ్లోంచి వెళ్లగొట్టారు. తిరిగి వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. మా అమ్మకు ఒకటే దిగులు. బిడ్డను మక్కా వైపు మొహం పెట్టి మట్టిలో పెట్టారా, లేదా? ముదీర్‌ను ఈ ఒక్క మాట అడుగు. నేను అడిగితే పని పోతుంది."

అడగాల్సిన అవసరమే లేదు. ఆ జవాబు నిన్ననే టైపు కొట్టాను, మూడు కాపీలు.

లోపలికి పోయి, ఫైళ్ల బీరువా ముందు కాసేపు నిలబడి బయటికి వచ్చాను. "అడిగాను చాచా. పక్క ఊరివాళ్లు తీసుకుపోయారంట. లోయ మొదట్లో రేగుచెట్టు కింద పెట్టారంట. మొహం మక్కా వైపేనంట" అన్నాను. చెట్టు ఎందుకు చేర్చానో నాకే తెలియదు. మాట నిండుగా ఉండాలని కాబోలు. నా రాతదురద అంత నీచమైంది. చాచా నా తలను రెండు చేతులా పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. ఆయన గడ్డం తడిగా తగిలింది. నా మీద నాకే రోత పుట్టి, కొళాయి దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నాను.

ఆ రంజానుకు చాచా సెలవు పెట్టి ఊరికి వెళ్లాడు. రెండు నెలలకు వచ్చాడు. నేను తల వంచుకుని గేటు దాటబోతుంటే పిలిచి కూర్చోబెట్టి, గ్లాసులో సులేమానీ టీ పోశాడు.

"ఆ లోయలో చెట్టన్నదే లేదు" అన్నాడు మెల్లగా. "ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. చుట్టుపక్కల అందరినీ అడిగాను. ఎవరూ ఎవరినీ పూడ్చలేదు."

నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ఖలాస్. నిజం చెప్పినా నేను తట్టుకునేవాణ్ని. కానీ ఇంట్లో అడుగు పెట్టగానే నీ మాట అమ్మకు చెప్పేశాను. ఆమె నడవలేదు. గాడిద మీద కూర్చోబెట్టి తీసుకుపొమ్మని పట్టుబట్టింది. ముందురోజు నేనొక్కణ్నే పోయి రాళ్లు పేర్చి వచ్చాను. మక్కా వైపు సరిచూసుకునే పేర్చాను. అమ్మ వాటి మీద పడి ఏడ్చింది. ఇప్పుడు శుక్రవారం శుక్రవారం పోతోంది."

ఆయన గ్లాసును నా వైపు జరిపాడు.

"అమ్మ బతికినన్నాళ్లు ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి. ముదీర్ కాగితాల్లో అసలు ఏముందో మాత్రం నాకు ఎప్పుడూ చెప్పకు" అన్నాడు.

చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ముదీర్ ఇంకో అధ్యాయం చేతికిస్తే, కూర్చుని అదీ టైపు కొట్టాను.