బావ కడుపు, బామ్మర్ది డబ్బా

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నేను మనుషుల్ని నమ్మేదాన్ని కాదు. (ఇప్పుడు నమ్ముతున్నానని కాదు. అప్పట్లో ఆ అనుమానానికి జీతం ఇచ్చేవాళ్లు, అంతే తేడా.) డిగ్రీ మీద ల్యాబ్ కోర్సు చేసి, ఉప్పల్ నుంచి రోజూ నాచారం వెళ్లి, జనం చేత్తో పట్టుకురావడానికి సిగ్గుపడే డబ్బాల్లోని మలం మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం నా పని. తెచ్చినవాళ్లు అబద్ధమాడతారు గానీ డబ్బా ఆడదని నా గట్టి నమ్మకం. డబ్బా కూడా ఆడుతుందని నాకు నేర్పింది ఒక బామ్మర్ది.

మల్లాపూర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే ఒకాయనకు భార్య తన కిడ్నీ ఇచ్చింది. ఆ కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా ఆయన రోజూ మాత్రలు మింగాలి. ఆ మాత్రలేమో రోగాలతో కొట్లాడే శక్తిని తగ్గిస్తాయి. నీళ్ల ద్వారా పేగుల్లో చేరి, మనకైతే వారం పది రోజుల్లో వదిలిపోయే ఒక పరాన్నజీవి అలాంటివాళ్లను వారాల తరబడి పీడించి, ఒంట్లో నీరంతా లాగేసి, కిడ్నీకే ఎసరు పెడుతుంది. అందుకే డాక్టరు చీటీ మీద 'ఆగని నీళ్ల విరేచనాలు, ప్రత్యేకమైన రంగు వేసి చూడాలి' అని రాశాడు. (మామూలు పరీక్షలో అది సులువుగా దొరకదు.) ఆ చీటీతో పాటు ఆయన బామ్మర్ది అందించిన డబ్బా మూత తీశాను. లోపల నిగనిగలాడే ఆరోగ్యం!

"ఇది ఎవరిది?" అన్నాను.

"మా బావది మేడం. అనుమానమా?"

"అనుమానమే. నీళ్ల విరేచనాలని రాసుంది. ఇది చూస్తే పొద్దున్నే దండీలు తీసే పహిల్వాన్‌ది లెక్క ఉంది."

అతను రోషంగా అన్నాడు: "మా అక్క కిడ్నీనే ఇచ్చింది. నేను గింత గూడ ఇయ్యొద్దా?"

బయట బెంచీ మీద భర్త పక్కన కూర్చున్న అక్క చెవిన ఆ మాట పడింది. "నా కిడ్నీ కడుపుల వెట్టుకొని, పరీక్షకు నా తమ్మునిది పంపుతవా? జర సిగ్గుండాలె!"

"ఏమన్న దొరికితే కిడ్నీ పాయె అంటరేమోనని..." భర్త నసిగాడు. "నీకేం మొకం సూపియ్యాలె?"

"దొరకకుంటెనే పోతది. లే, నడువ్!" అని ఆమె బాత్రూమ్ తలుపు దగ్గర తానే కాపలా నిలబడింది.

అసలు డబ్బాలోనూ ఆ రోజు ఏమీ కనపడలేదు. "నేను జెప్పలేదా!" అని ఆయన సంబరం. ఆ జీవి రోజూ దర్శనమివ్వదు, మళ్లీ తెమ్మని పట్టుబట్టాను. మరో రెండు డబ్బాలకు గానీ దొరకలేదు: నీలం మీద ఎర్రటి చిన్న చిన్న గుండ్రటి చుక్కలు. డాక్టరు మందు రాసి, కిడ్నీ మాత్రల మోతాదు సర్దాడు. మెల్లగా విరేచనాలు కట్టాయి, కిడ్నీ నిలిచింది.

మొన్న ఉప్పల్‌లో చెరుకురసం తాగుతుంటే ఆ దంపతులు ఎదురయ్యారు. కిడ్నీ ఎలా ఉందని అడిగాను.

"మా ఇంటామె లెక్కనే మేడం. ఒక్క మాట పడదు," అన్నాడాయన.

ఆమె మాత్రం నా గ్లాసులోని ఐసునే చూస్తోంది. "ఏం నీళ్లతోటి జేసిన్రో అడిగినవా మేడం?"

గ్లాసు బండి మీద పెట్టేశాను. సగం కూడా తాగలేదు. దగ్గరుండి అల్లం, నిమ్మకాయ వేయించుకున్న రసం!