లైట్ రిపేరు అనుకున్నాను

సైన్యంలో నేను వాహనాల మెకానిక్‌ని. ఇరవై రెండేళ్లు లారీలు, జీపులు బాగుచేసి మా ఊరు కొమరోలు తిరిగొచ్చాను. అక్కడ మొదట నేర్పేది స్పానరు పట్టుకోవడం కాదు, ఏ రిపేరు ఎవరు చేయాలో. నూనె, నీళ్లు, గాలి చూసుకోవడం డ్రైవరు పని. బెల్టులు, బ్రేకుల వంటి చిన్నాచితకా పనులు యూనిట్‌లో ఉండే మాలాంటి వాళ్లవి. వాటిని లైట్ రిపేరు అనేవాళ్లం. గేరుబాక్సు మార్చాలంటే వెనక ఉన్న ఫీల్డు వర్క్‌షాపుకు పంపాలి. ఇంజను మొత్తం విప్పాల్సి వస్తే ఎక్కడో దూరాన ఉండే పెద్ద వర్క్‌షాపే దిక్కు. ఒక చోట తేలని పనిని ఇన్ని గంటలకు మించి పట్టుకొని కూర్చోకూడదు, పైకి పంపేయాలి. కాగితం మీద రూలు అదీ.

కాగితం మీద లేనిది ఇంకొకటి ఉండేది. బండిని పైకి పంపాల్సి వస్తే యూనిట్ మెకానిక్‌కు తల కొట్టేసినట్టుండేది. నా చేతి మీదుగా పైకి పోయిన బండ్లు చాలా తక్కువ. ఆ పొగరును పెన్షన్‌తో పాటు ఇంటికి తెచ్చుకున్నాను. గిద్దలూరు రోడ్డు పక్కన బోరు మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టుకొని, ఏ మోటారునూ వాపసు పంపనని గొప్పలు పోయేవాడిని.

ఒకరోజు నా భార్య కాళ్లు చూపించింది. చీలమండల దగ్గర వాచి ఉన్నాయి.

"ఏమయ్యా, చెప్పులు పట్టడం లేదు" అంది.

"ఎండలో తిరిగినావు, అంతే. లైట్ రిపేరు" అన్నాను.

ఆమె నవ్వింది. క్వార్టర్స్‌లో నాతో పాటు ఉన్న మనిషి, మా మాటలన్నీ తెలుసు. ఊళ్లో ఆరెంపీ డాక్టరు సూది వేస్తే వాపు తగ్గింది. మళ్లీ వచ్చింది, మళ్లీ సూది. నడుము నొప్పికి బిళ్లలు నేనే తెచ్చిచ్చేవాడిని. గిద్దలూరులో పెద్ద డాక్టరుకు చూపించుకుందామని ఆమె మూడు నాలుగుసార్లు అడిగింది. ఇంత దానికి గిద్దలూరు ఏంది అని కసురుకున్నాను. అట్లా రెండేళ్లు గడిచాయి.

ఒక పొద్దున ముఖం కూడా ఉబ్బి, మంచం మీద నుంచి లేవడానికే ఆయాసపడింది. అప్పుడు భయమేసింది నాకు. గిద్దలూరులో డాక్టరు చూసీ చూడగానే తమ వల్ల కాదని, కర్నూలుకు చీటీ రాసిచ్చాడు. కారులో నా భుజం మీద తల ఆనించి, "పెద్ద వర్క్‌షాపుకే తీసకపోతాండావే నన్ను" అంది. నాకు నవ్వు రాలేదు.

కర్నూలులో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పరీక్షల కాగితాలు ముందు పెట్టుకొని అడిగింది.

"ఈ వాపు ఎన్నాళ్ల నుంచి?"

నేను నోరు తెరిచేలోపే నా భార్య చెప్పేసింది. "నెల రోజులయింటాది మేడం. ఈయనకు చెప్పనే లేదు నేను."

లోపం ఎప్పటి నుంచో ఉన్నా నిన్ననే వచ్చిందని బొంకే డ్రైవర్లను నేను ఎంతమందినో తిట్టాను. ఆ అబద్ధం వల్ల రిపేరు ఎట్లా దారి తప్పుతుందో నాకు తెలిసినంతగా ఆ గదిలో ఎవరికీ తెలియదు. రెండేళ్లు మేడం, తప్పు నాది అని అనాలి. అనలేదు. గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను, సిగ్గులేనివాణ్ణి.

"ఇది నెల రోజుల్లో వచ్చింది కాదమ్మా. రెండు కిడ్నీలూ పోయాయి. ముందే ఇంట్లో వాళ్లకు చెప్పుకోవాలి కదా" అని డాక్టరమ్మ ఆమెనే మందలించింది.

నా భార్య తల దించుకొని, "తప్పయింది మేడం" అంది.

ఆ తరువాత ఏడు నెలలు, వారానికి రెండుసార్లు, డయాలసిస్‌కు మార్కాపురం పోయివచ్చాం. పక్కపక్క సీట్లలోనే కూర్చునేవాళ్లం. అంత దారి ఉన్నా, నన్ను ఎందుకు కాపాడినావని ఒక్కసారీ అడగలేకపోయాను. క్షమించమని కూడా అడగలేదు. ఇవాళ నీరసంగా ఉంది, రేపు అడుగుదాం అనుకుంటూ ఉండగానే ఆమె పోయింది.

పలకరింపుకు వచ్చిన వాళ్లలో మా పెద్ద వదిన నా పక్కన కూర్చొని కళ్లు తుడుచుకుంది. "ఎంత మొండిదబ్బా. లోపల అంత పెట్టుకొని నీకొక్క మాటన్నా చెప్పకపాయె" అంది.

నేను అవునన్నట్టు తల ఊపాను.