మంచులో కాలిన బ్రేకులు

మంచుకొండల్లో, కనుమ మీది ఆ ఆర్మీ క్యాంపుకు మేం లారీ డ్రైవర్లుగా చేరింది నవంబరులో. మొదటి వారంలోనే పెదవులు పగిలాయి. తెల్లారేసరికి డీజిల్ గడ్డకట్టేది. ట్యాంకు కింద స్టవ్వు పెట్టి కరిగించాకే లారీ కదిలేది. నాది ఆళ్లగడ్డ. నా వెనక లారీ నడిపే కుర్రవాడిది నంద్యాల. క్యాంపులో మమ్మల్ని ఎవరూ పేర్లతో పిలవలేదు, ఊళ్లతోనే పిలిచారు.

పని నేర్పిన సీనియర్ డ్రైవరు ముందే చెప్పాడు, కొండ దిగేటప్పుడు బండిని బ్రేకుతో కాదు, చిన్న గేరులో ఇంజనుతో ఆపమని, లేకుంటే బ్రేకు కాలిపోతుందని.

నంద్యాల నా చెవిలో గొణిగాడు. "మన కాడ ఎండకు రోడ్డే కాలతాది. ఈ మంచులో బ్రేకు యాడ కాలతాదన్నా?"

నేనూ నవ్వాను.

జనవరిలో ఒక ఉదయం కిందికి దిగుతున్నాం. నా లారీలో సెలవు మీద వెళ్తున్న పన్నెండు మంది జవాన్లు. అతని లారీలో మరమ్మతుకు పంపే పెద్ద జనరేటరు. రోడ్డంతా మంచుగడ్డ. ప్రతి మలుపులో నేను బండిని బాగా నెమ్మది చేశాను. నేను నెమ్మదించినప్పుడల్లా అతను బ్రేకు తొక్కక తప్పలేదు.

వైర్‌లెస్ సెట్టులో అతని గొంతు వినిపించింది. "అన్నా, కాలిన వాసనొస్తాంది."

"గేరు దించు."

"దించినా. జనరేటరు ముందుకు తోస్తాంది. తొక్కుతానే ఉండా, బండి నిలబడ్లేదన్నా."

అద్దంలో చూశాను. లారీ దగ్గరికి వచ్చేస్తోంది.

"నా బండికి ఆనించు. నేను ఆపుతా."



"నీ ఎనక పన్నెండు మంది ఉండారు గదన్నా."

అద్దంలో అతని లారీ కొండవైపు తిరిగి రాతికి గుద్దుకుంది.

డ్యూటీ ముగిసి ఇల్లు చేరిన రోజే, ఆళ్లగడ్డలో సంచి దించి నంద్యాల బస్సెక్కాను. ఆ కుర్రవాడి నాయన చర్చి బడిలో టీచరు. కుర్చీ చూపించి అడిగాడు.

"అంత సలిలో బ్రేకు ఎట్ల కాలిందప్పా?"

"దిగే బండి వేగాన్ని బ్రేకు పట్టుకుంటాది సార్. పట్టుకున్నదంతా వేడైతాది. బయట ఎంత సలి ఉన్నా, ఆరనీకుండా తొక్కుతా ఉంటే లోపల కాలి పట్టు పోతాది."

"ఆరనీకుండా ఎందుకు తొక్కినాడు?"

"ముందర బండి మాటిమాటికీ నిదానిస్తా ఉంటే..."

"ముందర బండి ఎవురిది?"

"నాదే సార్."

ఆయన లేచాడు. "అన్నం తిని పోప్పా" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నాడు కాబట్టి తిన్నాను.

మలుపుల్లో నేను బండి నెమ్మది చేయడం సరైనదేనని విచారణలో తేల్చారు. కావచ్చు. నాకు ఆ మాట ఎప్పుడూ పనికిరాలేదు.

ఆ ఉదయం అతన్ని క్యాబిన్‌లోంచి దించి చక్రం పక్కనే పడుకోబెట్టాం. మంచు పడటం మొదలైంది. కాలుతున్న చక్రం మీద పడ్డ ప్రతి రేకూ చుయ్‌మని ఆవిరైంది. కాసేపటికి ఆ చప్పుడు ఆగింది. చక్రం మీద మంచు నిలవసాగింది. అతని ముఖం మీద అంతకుముందే నిలిచింది.