గాల్లో మాయమైన కత్తి

ఆఫీసులో ఆమెను అందరూ చీపురక్క అంటారు. ఆవిడ చీపురు పట్టి గది ఊడ్చింది లేదు లెండి. పాత సినిమాల మీది గీతలు, దుమ్ము మచ్చలు కంప్యూటర్లో తుడవడం ఆమె ఉద్యోగం. మచ్చ కనబడితే ప్రాణం ఒప్పదు, తెర మీదైనా సరే, మొగుడి చొక్కా మీదైనా సరే.

ఆ మధ్య ఒక పాత ఫైటింగ్ సినిమా వచ్చింది. మిగిలిన ఒకే ఒక్క ప్రింటు కుళ్ళి పుల్లటి కంపు కొడుతుంటే, కంప్యూటర్లోకి ఎక్కించి రీళ్ళు పారేశారు. గడువు తరుముకొస్తోందని చీపురక్క మచ్చలు ఏరే పని సాఫ్ట్‌వేర్‌కు వదిలేసింది. దానికి తెలిసిందొక్కటే: ఒక ఫ్రేములో కనబడి, దాని ముందూ వెనకా ఫ్రేముల్లో అదే చోట లేనిది దుమ్ము. అది తుడిచినదాన్ని మనిషి కూర్చుని సరిచూడాలి. ఆమె పైపైన చూసి సరే అనేసింది. డిస్కులో చోటు చాలక, తుడవకముందటి కాపీని కూడా తనే చెరిపేసింది.

సినిమా వేసిన రోజు ఒకప్పటి ఫైటర్ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. హీరోకి డూపుగా, కెమెరాకు వీపు తిప్పి కత్తి విసిరింది ఆయనే. ముఖం ఏ సినిమాలోనూ పడలేదు. ఇన్నేళ్ళ పనికి ఆ కత్తి గాల్లో మెరుస్తూ వెళ్ళడమొక్కటే ఆయనకు మిగిలిన గుర్తు.

"ఇప్పుడు చూడమ్మా, నా కత్తి."

తెర మీద చెయ్యి ఊగింది. కత్తి తలుపులో దిగబడి ఉంది. మధ్యలో ఏమీ లేదు.

ఎగిరే కత్తి ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒకే చోట ఉండదని చీపురక్కకు అప్పుడు తట్టింది. సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకోబోయి ఆగింది. సరే అన్నది తనే కదా.

బయటికొచ్చాక ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "చూపు మందగించిందమ్మా. నా కత్తి నాకే కనబడలేదు. శుక్లాలు తీయించుకోమని మా అమ్మాయి పోరుతూనే ఉంది."

ఊరుకుందామని ఆమెకు ఆశ పుట్టింది. ఆ ఆశ పుట్టినందుకే తన మీద తనకు రోత కలిగింది.

"మీ కళ్ళకేం కాలేదు బాబాయ్. నేనే తుడిచేశాను, దుమ్మనుకుని."

ఆయన నవ్వాడు. "ముసలాణ్ణి ఓదార్చడానికి ఎంత కథ అల్లావు తల్లీ. కత్తిని ఎవరైనా తుడిచేస్తారా?"

"నిజం బాబాయ్."

"సరేలే. భయపడి ఇన్నాళ్ళూ వాయిదా వేశాను గానీ, ఇక ఆపరేషన్ చేయించుకునే వస్తాను. ఆ ఒక్క ముక్క నాకు మళ్ళీ వేసి చూపించు."

చూపించడానికి ఆ ముక్క ఇక ఎక్కడా మిగల్లేదు. చీపురక్క చెయ్యి అందించింది. పాడైంది తన కళ్ళేనని నమ్మి, ఆయన ఆ చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా మెట్లు దిగాడు.