ముందు సీటు లేని అంబాసిడర్, నర్సమ్మక్క మొదటి రైలు

మా ఇంట్లో రెండు పార్టీలున్నాయి. మా ఆయన వేణుది కార్ల పార్టీ, నాది రైళ్ల పార్టీ. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటినా ఇద్దరిలో ఎవరమూ పార్టీ మారలేదు. ఆయన దగ్గర నలభై ఏళ్లనాటి పద్మిని కారు ఒకటి ఉంది. దాని గేరు కర్ర నేల మీద కాకుండా స్టీరింగు పక్కన ఉంటుంది. చలికాలం పొద్దున అది స్టార్ట్ కావాలంటే చోక్ లాగి, నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఆ మాటల్లో సగమైనా నాతో ఎప్పుడన్నా అన్నారా అని అడిగితే, నువ్వు చోక్ లేకుండానే స్టార్ట్ అవుతావుగా అంటారు. నేనేమో పాలమూరులో స్టేషన్ పక్క వీధిలో పెరిగినదాన్ని. మీటర్‌గేజ్ చిన్న లైను రోజుల్లో బొగ్గు ఇంజను బండెక్కి, కళ్లలో నుసితో, తల నిండా మసితో కర్నూలులో దిగినదాన్ని. ఇప్పటికీ రైలు కూత వినబడితే చేతిలో పని ఆగిపోతుంది.

పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లంతా కలిసి ఫోన్లో పెట్టుకున్న గ్రూపులో మా ఆయన కూడా ఉన్నారు. ఒకరోజు అందులో ఎవరో మర్రిగూడ దగ్గర రోడ్డు మీద తీసిన అంబాసిడర్ ఫోటో పెట్టారు. తెల్ల కారు, అద్దంలా తుడిచి ఉంది. కానీ డ్రైవర్ పక్క సీటు లేదు. ఇక గ్రూపులో ఒకటే జోకులు. డీజిల్ కోసం సీటు అమ్ముకున్నాడని ఒకరు, పత్తి బస్తాల కోసం పీకేశాడని ఒకరు, అత్తగారు పక్కన కూర్చోకుండా ముందుజాగ్రత్త అని ఇంకొకరు. మా ఆయనా ఏదో అన్నారు, అదేమిటో ఇప్పుడు చెప్పనంటున్నారు. వారం తిరగకముందే ఆ కారు యజమాని ఫోన్ నంబరు సంపాదించి, చూడటానికి వస్తామని అడిగారు. రమ్మన్నాడతను. కుదిరితే కొందామని ఈయన ఆలోచన. నేను ఒక షరతు పెట్టాను. కారు చూడటం అయ్యాక నన్ను నల్లగొండ స్టేషన్లో దింపాలి. అక్కడినుంచి మిర్యాలగూడకు నేను ప్యాసింజర్ రైల్లో, ఆయన పద్మినిలో రోడ్డు మీద. ఎవరు ముందు చేరతారో చూద్దాం. రాత్రికి అక్కడ మా చిన్నమ్మ ఇల్లు ఉండనే ఉంది.

హైదరాబాద్ నుంచి ఆరింటికి బయలుదేరి సాగర్ రోడ్డు పట్టుకున్నాం. ఇబ్రహీంపట్నంలో ఆగి ఇడ్లీ తిన్నాం, ఇద్దరికీ వంద రూపాయలు దాటలేదు. మాల్ ఊరు దాటాక మర్రిగూడ వైపు తిరిగితే రోడ్డు బాగుంది, లారీలు తగ్గిపోతాయి. రెండు పక్కలా ఎర్ర మెట్ట చెల్కల్లో పత్తి, మధ్యమధ్య కంది సాళ్లు. మామూలు కారుకు రెండు గంటల దారి. పద్మినికి దారిలో ఒకసారి నీళ్లు తాగించాలి కాబట్టి ఇంకొంచెం వేసుకోండి.

కారు యజమాని పేరు యాదగిరి. నలభై అయిదేళ్లుంటాయి, పత్తి రైతు. ఇంటి ముందు గదిలో చిన్న కిరాణా కొట్టు ఉంది, దాన్ని నడిపేది అతని అక్క నర్సమ్మ. మేం వెళ్లేసరికి ఆమె ఎత్తుపీటకు ఆనుకుని, సగం నిలబడి సగం కూర్చుని, ఎవరికో చక్కెర తూస్తోంది. మమ్మల్ని చూడటానికి మెడ తిప్పలేదు, మనిషి మొత్తంగా తిరిగింది. ఈ ప్రాంతపు భూమిలోని నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలుసు. చిన్నప్పటినుంచీ బోరింగు నీళ్లు తాగి ఆమె వెన్నెముక, మెడ, మోకాళ్లు బిగుసుకుపోయాయి. నల్లాల్లో కృష్ణ నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకు ఈ బాధ లేదని, తన ఈడువాళ్లు చాలామంది తనలాగే ఉన్నారని ఆమే చెప్పింది, చక్కెర పొట్లం కడుతూ.

మా ఆయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇంజను చూసి, చివరికి ఆ సీటు సంగతి అడిగారు. యాదగిరి తలుపు తెరిచి చూపించాడు.

"అక్క కాళ్లు వంగయి సార్. ఎనక సీట్ల కూసుండి ముంగటికి సాపుకుంటది. గా సీటుంటె సాపనీకి జాగా ఉండదు."

కొత్త కార్లు కూడా చూశాడట. వాటి కప్పు కిందికి ఉంటుంది, లోపలికి పోవాలంటే తల వంచాలి. ఆమె మెడ వంగదు. ఆ మాట కొట్టులోంచి నర్సమ్మకు వినబడినట్టుంది.

"నేను ఎవ్వల ముంగటా తల వంచలే సారు. కారు ముంగట ఎందుకు వంచుత?" అంది.

అందరం నవ్వాం. మా ఆయన కూడా నవ్వారు కానీ, కొనే మాట ఇక ఎత్తలేదు. ఫోటో తీద్దామని బయటికి తీసిన ఫోన్ మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. తింటూ మా పార్టీల గొడవ చెప్పాం. ఆయన పద్మిని గొప్పలు చెబితే నేను బొగ్గు ఇంజను కథలు చెప్పాను. నర్సమ్మక్క కార్ల మాటలు వదిలేసి రైళ్ల గురించే అడగసాగింది. బండి పోతుండగా లోపల మనుషులు నడవొచ్చా, నీళ్లుంటాయా, కిటికీ తెరుచుకుంటుందా. నల్లగొండ దవాఖానకు పోయినప్పుడల్లా రైల్వే గేటు దగ్గర కారు ఆగుతుందట. ఆమె లోపలినుంచే రైలు డబ్బాలు లెక్కపెడుతుందట. ఎక్కడం మాత్రం ఒక్కసారీ కాలేదు.

ఈరోజు నాతో రమ్మన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, నోటికి వచ్చేసింది. యాదగిరి తినడం ఆపాడు. కుదరదన్నాడు. చాలా ఏళ్ల కింద ఆమెను బస్సు ఎక్కిస్తుంటే, ఆమె మెట్టు మీద ఉండగానే బస్సు కదిలిందట. ఆమె పడిపోయి చెయ్యి విరిగింది. ఆ తర్వాతే ఈ కారు కొన్నాడు. అప్పటినుంచి ఆమె ఎక్కడికి పోయినా తనే తీసుకుపోతాడు.

"నేనే ఎక్కిచ్చిన మేడం. నా చేతులనుంచే జారింది" అన్నాడు.

నర్సమ్మక్క మెల్లగా అంది: "చెయ్యి నాది. అది ఎప్పుడో అతుక్కున్నది. నీకే ఇంక అతుకలే తమ్మీ."

అతను లేచి బయటికి వెళ్లాడు. నేను అనవసరంగా కదిపానేమో అనుకున్నాను. కొంతసేపటికి కారు స్టార్ట్ అయిన చప్పుడు వినబడింది. యాదగిరి లోపలికి వచ్చి, బండి ఎన్ని గంటలకని అడిగాడు.

మర్రిగూడ నుంచి చండూరు మీదుగా నల్లగొండకు గంటన్నర పట్టింది. ముందు అంబాసిడర్, వెనక మా పద్మిని. నేను నర్సమ్మక్క పక్కన కూర్చున్నాను. టికెట్లు ఒక్కొక్కటి ఇరవై రూపాయల లోపే. బండి మొదటి ప్లాట్‌ఫారం మీదికే వస్తుందని టికెట్ల దగ్గరే కనుక్కున్నాం, ఎందుకంటే వంతెన ఎక్కడం ఆమె వల్ల కాదు. మిర్యాలగూడలో ఆమెను దించుకోవడానికి కారు ఉండాలి కాబట్టి యాదగిరి రైలెక్కలేడు. బండి వచ్చేలోపు నాకు ఇరవై జాగ్రత్తలు చెప్పాడు. చెప్పినవే మళ్లీ చెప్పాడు.

రైలు ఆగగానే మా ఆయన చివరి పెట్టె దగ్గరికి పరిగెత్తి గార్డుకు సంగతి చెప్పారు. నేను నర్సమ్మక్కను నడుము దగ్గర పట్టుకుని పైకి ఎత్తబోయాను.

"ఆగు చెల్లె, ఎత్తకు. నేను చెప్పినట్టు చెయ్యి."

ఆమె రైలుకు వీపు పెట్టి నిలబడింది. పెట్టె నేల, ప్లాట్‌ఫారానికి ఒక కుర్చీ ఎత్తులో ఉంది. కారు సీటు మీద కూర్చున్నట్టే వెనక్కి వాలి ద్వారంలో కూర్చుంది. యాదగిరి ఆమె కాళ్లు రెండూ పట్టుకుని లోపలికి తిప్పాడు. లోపల గాజుల గంపలతో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. ఎవరూ అడగకుండానే వచ్చి చెరో చంకా పట్టి లేపారు. నర్సమ్మక్క నిటారుగా లేచి నిలబడింది. చివర గార్డు జెండా దించుకునే ఉన్నాడు. మేం చేతులూపాకే ఎత్తాడు. బండి కదిలాక యాదగిరి కొంతదూరం పక్కనే నడిచి, తర్వాత కారు వైపు పరిగెత్తాడు.

ఆమె మెడ తిరగదు కాబట్టి మామూలుగా కూర్చుంటే కిటికీ కనబడదు. అందుకని సీటు పొడవునా కాళ్లు చాపి, ముఖం కిటికీకి పెట్టి కూర్చుంది. వెనక ఆసరా నా భుజమే. ముగ్గురి సీటు ఒకరికేనా అని ఒకాయన గొణిగాడు. విషయం చూశాక లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు, మళ్లీ ఏమీ అనలేదు. ఆ గంటసేపూ నాకు కిటికీ దక్కలేదు. ఆమె చెబుతుంటే విన్నాను. మేకలు. గుట్ట. చెట్టు మీద కొంగలు. ఒక గేటు దగ్గర స్కూటర్ల మీద ఆగిన జనం కనబడగానే చెయ్యి ఎత్తింది. ఎవరో తిరిగి ఊపినట్టున్నారు, ఆమె భుజాలు నవ్వుకు కదిలాయి.

మిర్యాలగూడ దగ్గరపడే కొద్దీ చెల్కలు పోయి వరిమళ్లు వస్తాయి. సాగర్ కాలువ నిండుగా పారుతున్న రోజులవి. నర్సమ్మక్క కాలువనే చూస్తూ నెమ్మదిగా అంది.

"గీ నీళ్లు నా చిన్నతనంల మా దిక్కు వచ్చుంటె, నీ బుజం మీద ఒరిగే పని లేకుంటుండె."

కోపంగా అనలేదు. నేను భుజం ఇంకొంచెం దగ్గరికి జరిపాను.

మిర్యాలగూడలో బండి ఆగింది. యాదగిరి లేడు. ఫోన్ చేస్తే కలవలేదు. బండి కదలకుండా గార్డు వైపు చెయ్యి ఊపాను. నర్సమ్మక్కకే కంగారు లేదు. ఎక్కినట్టే దిగుతానంది. ద్వారంలో కూర్చోబెట్టి కాళ్లు బయటికి తిప్పాం. గాజుల గంపల ఆడవాళ్లలో ఒకామె నాతోపాటు ముందుగా కిందికి దిగింది, నేను ఒక పక్క, ఆమె ఒక పక్క పట్టుకున్నాం. నర్సమ్మక్క అరచేతులు పెట్టె నేలకు ఆనించి తనను తాను ముందుకు తోసుకుంది. పాదాలు ప్లాట్‌ఫారం మీద ఆనాయి. గాజులామె మళ్లీ బండెక్కింది, బండి వెళ్లిపోయింది. నర్సమ్మక్క స్తంభానికి ఆనుకుని నిలబడి చాయ్ అడిగింది.

అరగంట తర్వాత కార్ల పార్టీ నాయకుడూ యాదగిరీ వచ్చారు, ఇద్దరి చొక్కాలూ తడిసి ఉన్నాయి. దారిలో పద్మిని రేడియేటర్ మరిగిపోయిందట. ముందు పోతున్న యాదగిరి అద్దంలో ఆవిరి చూసి వెనక్కి వచ్చాడట. తొందరగా చేరాలని ఎంత ఆరాటం ఉన్నా ఈయనను రోడ్డు మీద వదలలేకపోయాడు. బాటిళ్లతో నీళ్లు పోసినా లాభం లేక, పద్మినిని ఒక మెకానిక్ షెడ్డు ముందు వదిలి, మా ఆయనను అంబాసిడర్లో ఎక్కించుకుని వచ్చాడు.

యాదగిరి అక్కను చూసి కొంచెం దూరంలోనే ఆగిపోయాడు.

"ఎవరు దించిన్రు?"

"నేనే దిగిన."

దగ్గరికి వచ్చి ఆమె రెండు చేతులూ తిప్పి చూశాడు, మణికట్టు దగ్గర, మోచేతి దగ్గర. తర్వాత పక్కనున్న బెంచీ మీద కూర్చుని తల దించుకున్నాడు.  నర్సమ్మక్క గ్లాసు నా చేతికిచ్చి, "వానికి గూడ చాయ్ చెప్పు చెల్లె" అంది.

పందెం రైలు పార్టీ గెలిచింది. మా ఆయన ఒప్పుకున్నారు కానీ, ఆ అంబాసిడర్ వెనక సీట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నంత హాయిగా ఇంకే కారులోనూ కూర్చోలేదని కూడా అన్నారు. ఆ రాత్రి చిన్నమ్మ ఇంట్లో కూర్చుని గ్రూపులో ఆ ఫోటో కింద రెండు వాక్యాలు రాశారు, సీటు ఎందుకు లేదో. జోకులు వేసినవాళ్లలో ఒకాయన తన దగ్గరున్న పాత అంబాసిడర్ విడిభాగాలన్నీ యాదగిరికి పంపించాడు. మొన్న నర్సమ్మక్క ఫోన్ చేసింది. కారు నల్లగొండలో పెట్టి, ఈసారి తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ రైల్లో వెళ్లివచ్చిందట. తమ్ముడికి కిటికీ ఇచ్చావా అని నేనడిగితే, వాడు మెడ తిప్పుకోగలడు కదా అంది.

మేమిద్దరం ఇన్నేళ్లూ ఇంజన్లు, గేర్లు, కూతలు, మోడళ్లు అంటూ వాదించుకున్నాం. ఎవరు వాటిలో ఎక్కగలరు, ఎవరు గేటు దగ్గరే ఆగిపోతారు అని ఎన్నడూ అనుకోలేదు. ఇష్టపడటం తప్పు కాదు, మేం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం. కాకపోతే ఇప్పుడు ఏ పాత కారు చూసినా ఆయన ముందుగా తలుపు ఎంత వెడల్పో చూస్తున్నారు. నేను ఏ స్టేషన్లో దిగినా ప్లాట్‌ఫారం ఎత్తు చూస్తున్నాను.

కాళ్లు వంగనివాళ్లతో ఈ దారిలో ప్రయాణం పెట్టుకుంటే, బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ముందే కనుక్కోండి, గార్డుకు చెప్పండి, అతని పక్కనుండే చివరి పెట్టె ఎక్కండి. బండి రాగానే వాళ్లను ఎత్తడానికి తొందరపడకండి. ఎట్లా ఎక్కుతారో వాళ్లనే అడగండి.