రన్‌వే మీద నేను

మాది భిలాయిలోని ఖుర్సీపార్. స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి స్వాతి ఊరి బయట చిన్న విమానాలు దిగే మైదానంలో పైలట్ శిక్షణ తీసుకుంటోంది. అది మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజున నేనూ వెళ్లాను.

విమానం లేచినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. కంచె వెంట అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. తీరా అది దిగబోతుంటే, ఎక్కడినుంచి వచ్చాయో, మూడు గేదెలు రన్‌వే ఎక్కాయి. స్వాతి చూసుకుని మళ్లీ పైకి లేపేసింది.

ఎవరినీ అడగకుండా గేటు దాటి పరుగెత్తాను. తువ్వాలు ఊపుతూ గేదెల్ని తోలేశాను. ఆయాసం తీర్చుకుందామని అక్కడే నిలబడ్డాను. తలెత్తితే విమానం నా మీదికే వస్తోంది! కాళ్లు కదల్లేదు. హోరుమంటూ నెత్తిమీదుగా లేచిపోయింది.

శిక్షణ ఇచ్చే ఆయన పరుగున వచ్చి నన్ను పక్కకు లాగేశాడు. "అంకుల్, పాగల్ హో గయే క్యా?" పిచ్చి పట్టిందా అని హిందీలో అరిచాడు.

మూడోసారికి స్వాతి విమానాన్ని చక్కగా దించింది. నేరుగా నా దగ్గరకొచ్చి, "ఏటి నాన్నా ఇది! గేదెలు తప్పుకున్నాయనుకుంటే నువ్వు నిలబడ్డావేటి?" అంది.

దాని చేతులు పట్టుకున్నాను. ఇంకెప్పుడూ ఇటు రానని చెప్పాను.

ఇప్పుడు అది ఎగిరే రోజున ఇంట్లోనే ఉంటున్నాను. కుదురుగా మాత్రం కాదు.