పొగమంచులో ఒడ్డు చూపే జీపీఎస్ కోసం కరీంనగర్ దాకా

ముందుగా క్షమించండి. నా చేతిరాత బాగుండదు, అక్షర దోషాలూ ఉంటాయి. ఊరి బడిలో ఐదు వరకే చదివాను. నోటుబుక్కులో రాసి, ఆ పేజీల ఫొటోలు ఈ గ్రూపులో పెడుతున్నాను. మంచిర్యాల దగ్గర గోదావరి బ్యాక్‌వాటర్‌లో ఒక్కడినే గాలం వేస్తాను. మొదట్లో తెప్ప, ఇప్పుడు ప్లాస్టిక్ కయాక్. చలికాలం పొద్దున పొగమంచు కమ్మితే ఒడ్డు కనిపించదు. ఇన్నేళ్లూ నా భార్య లచ్చవ్వ ఒడ్డున నిలబడి గంటెతో గిన్నె కొట్టేది. నేను తెడ్డు ఆపి, ఆ చప్పుడు ఎటు నుంచి వస్తుందో విని, అటే వచ్చేవాణ్ణి. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఆమె గట్టు దిగలేదు. "గిన్నె కొట్టెటోళ్లు లేరు. ఇగ నీళ్లల్లకు పోవుడు బంద్ జెయ్యి" అంది. మానను అన్నాను. దారి చూపే జీపీఎస్ కొందామని మర్నాడే బయలుదేరాను.

మంచిర్యాలలో ఆరున్నర బస్సెక్కి తొమ్మిదిన్నరకు కరీంనగర్‌లో దిగాను. టికెట్ నూట యాభై లోపే. భూమి కొలిచే సామాన్లు అమ్మే దుకాణం బస్టాండు నుంచి నడిచిపోయే దూరమే కానీ, పదిన్నర దాకా తెరవరు. చాయ్ తాగి మెట్ల మీద కూర్చున్నాను.

"ఏం పెద్దాయనా, పొలం కొలుస్తవా?" అన్నాడు దుకాణం ఆయన.

"చేపలు పడ్త."

మంచులో ఒడ్డు చూపే జీపీఎస్ కావాలంటే, వేలితో తాకి నడిపే పెద్ద తెర ఉన్నది చేతికిచ్చాడు. "జర మగ్గుల నీళ్లియ్యి బిడ్డా" అన్నాను.

"తాగెతందుకా?"

"చెయ్యి తడుపుకునెతందుకు."

తడి వేలు పెడితే తెర ఎటో గెంతింది. ఆయన నవ్వి బటన్లది తీశాడు. వీధిలోకి తెచ్చి ఎండలో చూశాను, అంకెలు కనిపించాయి. మా కిరాణా కొట్లో దొరికే పెన్సిల్ సెల్లులే దీనికీ పడతాయి. మగ్గులో ముంచమంటే ఆయనే ముంచాడు. "నీళ్లల్ల పడ్డా ఖరాబ్ గాదు, గని తేలదు. తాడు కట్టుకో. నిలవడ్డా దిక్కు చూపెట్టేది ఇంకోటుంది, నాలుగు వేలు ఎక్కువ."

నీళ్ల మీద నాకు నిలబడే పనేముంది అనుకున్నాను. పదమూడు వేలిచ్చి బటన్లదే తీసుకున్నాను.

మర్నాడు ఆరు గంటలకు ఒడ్డును అందులో గుర్తు పెట్టుకుని కిలోమీటరు దూరం పోయాను. అనుకున్నట్టే మంచు కమ్మింది. బాణం చూసుకుంటూ తిరిగి వస్తూ, మధ్యలో అలవాటుకొద్దీ తెడ్డు ఎత్తి చెవి పెట్టాను. ఏ చప్పుడూ లేదు. బాణం ఒకసారి కుడికి, ఒకసారి వెనక్కి తిరిగింది. మొండిగా పది తెడ్లు నేరుగా వేశాను. బాణం కుదురుకుంది. కదులుతుంటేనే దానికి దిక్కు తెలుస్తుందని అప్పుడర్థమైంది. ఇక ఆగలేదు. పన్నెండు మీటర్లు అని చూపిస్తుండగా ఒడ్డు మీది తుమ్మ పొద కనబడింది.

ఇంటి దగ్గర లచ్చవ్వ ఆ పరికరాన్ని తిప్పి తిప్పి చూసింది.

"రేపు గూడ పోతవా?"

"పోత."

"సద్ది ఎన్నింటికి కట్టాలె మరి?"

నలభై ఏళ్లు చెవిని నమ్ముకున్నాను. ఇప్పటికీ మంచులో తెడ్డు దానంతటదే ఆగబోతుంది. ఆపకుండా ఉండటం కొత్తగా నేర్చుకుంటున్నాను, ఈ వయసులో. మీకూ ఆగి చూసే అలవాటుంటే నాలుగు వేలకు వెనకాడకండి, నిలబడ్డా దిక్కు చూపేదే కొనండి. కయాక్ మీద పోయేవాళ్లు మీరేది వాడుతున్నారో తొందరగా రాయండి. చలి ఇంకా రెండు నెలలుంది.